సగం రేటు శుక్రవారం

ఆ రోజుల్లో మా గూడూరులో తెలివిగలవాడంటే బేరం ఆడగలిగినవాడే. సంతలో వంకాయలైనా సరే, నిమ్మకాయల బస్తా అయినా సరే, చెప్పిన ధరకు కొన్నవాణ్ణి చూసి ఊరు ఊరంతా జాలిపడేది. నాకు అప్పుడు ఇరవై రెండేళ్ళు. నన్ను చూసి ఎవరూ జాలిపడకూడదని గట్టి పట్టుదల. ఆ పట్టుదల నన్ను ఎక్కడికి తీసుకుపోయిందో చెబుతాను, నవ్వుకోండి. నాకు మాత్రం నవ్వడానికి చాలా ఏళ్ళు పట్టింది.

నేను అప్పట్లో స్టేషను దగ్గర ఒక మోటారు షెడ్డులో మెకానిక్కుని. షెడ్డు ఒక ముసల్మాను మేస్త్రీది. అందరూ భాయ్ అనేవారు, నేనూ అంతే. ఇంజను చప్పుడు విని రోగం చెప్పే మనిషి ఆయన. (రోగం చెప్పడానికి డబ్బు తీసుకునేవాడు కాదు, అందుకే ఆ షెడ్డు కప్పు చివరిదాకా రేకులకు నోచుకోలేదు.) నా కోరికల్లా సొంత షెడ్డు పెట్టుకోవడం. దానికోసం రెండేళ్ళపాటు టీ నీళ్ళు కూడా మానుకుని నూట పది రూపాయలు కూడబెట్టాను. ఆ డబ్బుతో పానాల పెట్టె కొనాలి, తర్వాత ఎక్కడో ఒక గది చూసుకోవాలి.

ఊళ్ళో మైకా వ్యాపారం చేసే పెద్దాయన ఒకరుండేవారు. ఆయన కొడుకుని మేము మైకా అబ్బయ్య అనేవాళ్ళం. మద్రాసులో చదివి వచ్చాడు. సిగరెట్టు, నల్లకళ్ళద్దాలు, దేవుడు లేడని చెప్పే పుస్తకాలు, అన్నీ ఉన్నాయి. తండ్రి దగ్గర ఒక పాత విదేశీ కారు ఉంటే దానికి భాయ్ చేత కొత్త ప్రాణం పోయించి, మద్రాసు అవతల పాత విమానాల మైదానంలో జరిగే కార్ల పందెంలో దింపాలని అబ్బయ్య ముచ్చట. భాయ్ ఇంజను ఊడదీసి నాలుగు నెలలు కూర్చున్నాడు. అంతా కుదిరింది కానీ కార్బ్యురేటరులో పెట్రోలు పోసే జెట్టు దగ్గర చిక్కొచ్చింది. అది గోరంత ఇత్తడి ముక్క, మధ్యలో సూది దూరేంత బెజ్జం. ఆ బెజ్జం ఒక పిసరు ఎక్కువైనా తక్కువైనా ఇంజను కుంటుతుంది. భాయ్ దగ్గర మూడు సైజులున్నాయి. ఏది సరైనదో రోడ్డు మీద తేలదు. మద్రాసులో ఒక చోట బలం మిషను ఉందని, ఇంజనును ఇనుప దిమ్మెకు బిగించి నడిపితే ఎన్ని గుర్రాల బలమో ముల్లు చూపిస్తుందని, దాన్ని గంటల లెక్కన అద్దెకిస్తారని తెలిసింది. గంటకు ఎనభై రూపాయలు, రెండు గంటలకు తక్కువ ఇవ్వరు.

ఆ మాట పెద్దాయన చెవిన వేస్తే ఆయన విసనకర్ర కింద పెట్టాడు. "నెంబరు చూపించేదానికి నూట అరవయ్యా? మన స్టేషన్లో తూకం మిషనుకి ఒక అణా ఏస్తే బరువు చూపించి జాతకం గూడా ఇస్తాది గదరా!" అన్నాడు. అంతటితో ఆ ఇంటి నుంచి పైసా రాదని తేలిపోయింది. అప్పుడు అబ్బయ్య నన్ను పక్కకు పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు. (పెద్దింటి వాళ్ళ చెయ్యి మన భుజం మీద పడిందంటే జేబు తడుముకోవాలని అప్పటికి నాకు తెలియదు.) "ఆ అద్దె ఏందో నువ్వే పెట్టుకోరా. నీ డబ్బయితే నువ్వు ఒళ్ళు దగ్గర పెట్టుకోని పన్జేస్తావు. పందెం గెలిచినామనుకో, రోడ్డు మీద మా గోడౌను ముందుగది నీదే. అద్దె లేదు. షెడ్డు పెట్టుకో" అన్నాడు. నాకు ఆ గది కళ్ళముందు కనిపించింది. బోర్డు మీద నా పేరు కూడా కనిపించింది.

మరుసటి వారం పాసింజరు రైల్లో మద్రాసు పోయాను. మిషను దగ్గర గంటలు రాసుకునే గుమాస్తా ఒక అరవాయన. నేను నూట అరవై దగ్గర బేరం మొదలుపెడితే ఆయన విసుక్కోకుండా పుస్తకం తిరగేసి, "శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండున్నర. సగం రేటు. ఎనభై. పరవాలేదా?" అన్నాడు. పరవాలేదా ఏమిటి! నేను ఇంకా రెండో మాట అనకముందే సగానికి దిగివచ్చిన వెర్రివాడు దొరికాడనుకుని, ఆయన మనసు మారకముందే ఎనభై లెక్కపెట్టి చేతిలో పోసి రసీదు తీసుకున్నాను. కట్టిన డబ్బు తిరిగి ఇవ్వబడదని దాని మీద రాసి ఉంది. తిరుగు రైల్లో ఎదురుగా కూర్చున్న ముక్కూమొహం తెలియని వాళ్ళకు కూడా నా తెలివితేటలు చెప్పుకున్నాను. భాయ్ మాత్రం "శుక్రవారమా?" అని వేళ్ళ మీద గంటలు లెక్కేసుకుని, "సరేలే, నమాజు టైముకి అయిపోద్దిలే" అన్నాడు.

గురువారం సాయంత్రం నిమ్మకాయల లారీలో బస్తాల మధ్య ఇంజనును పడుకోబెట్టి మేమిద్దరం దాని పక్కన కూర్చుని బయలుదేరాము. శుక్రవారం పదిన్నరకల్లా ఇంజను గొలుసు కప్పీకి వేలాడుతోంది. గుమాస్తా గడియారం చూసి పుస్తకంలో టైము రాసుకున్నాడు. భాయ్ పానా అందుకున్నాడు. అప్పుడే అబ్బయ్య హోటలు నుంచి టాక్సీలో దిగాడు.

"ఆగు భాయ్! ఈరోజు ఏం వారం?"

"శుక్రవారం అబ్బయ్యా."

"ఇప్పుడు రాహుకాలం గదా! పన్నెండు దాకా ఇంజను మీద చెయ్యి ఎయ్యబాకండి."

"అయ్యా, మీరు అయ్యన్నీ నమ్మరు గదా!" అన్నాను.

"నాకెందుకుంటాయిరా ఆ పిచ్చి నమ్మకాలు? మా నాయనకుండాయి. కారు మా నాయనది" అన్నాడు సిగరెట్టు వెలిగిస్తూ.

"స్టార్టు పన్నెండు తర్వాతే చేస్తాం అబ్బయ్యా. బోల్టులైనా బిగించుకోనీ" అని భాయ్ బతిమాలాడు.

"మొదటి బోల్టే ముహూర్తం భాయ్. రేపు కారుకేమన్నా అయిందనుకో, మా నాయన నన్ను ఇంట్లోకి రానిస్తాడా?"

నేను గుమాస్తా దగ్గరకు పరిగెత్తి, ఈ గంటన్నర సాయంత్రానికి మార్చమని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన నన్ను చాలా జాలిగా చూశాడు. "అందుకే గదా తంబీ సగం రేటు. ఈ టైముకి మద్రాసులో ఎవరూ ఇంజను ఎక్కించరు. ఈ ఆరు నెలల్లో నువ్వొక్కడివే వచ్చావు" అన్నాడు. పంచాంగం ఎరగని ఇంట్లో పుట్టానా అంటే అదీ కాదు. మా అమ్మ రాహుకాలంలో పాలకు తోడు కూడా వేసేది కాదు. చవక అనే మాట వినపడగానే అదంతా నా బుర్రలోంచి ఎగిరిపోయింది, అంతే.

ఆ గంటన్నర ఎలా గడిచిందో నాకే తెలుసు. అబ్బయ్య ఎదురుగా ఉన్న కాఫీ హోటలుకు పోయాడు. నేనూ భాయ్ వేలాడే ఇంజను కింద చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళిలో విస్తరి వెయ్యని పంక్తిలో కూర్చున్నట్టు కూర్చున్నాము. నిమిషానికి పది అణాలపైన పడుతోందని లెక్క తేలింది. లెక్క కట్టకపోయినా బాగుండేది. అబ్బయ్య దోసె తిని, కాఫీ తాగి, పేపరు చదివి, పన్నెండు కొట్టాక కొబ్బరికాయతో వచ్చాడు. హారతికి ఐదు నిమిషాలు పోయాయి. (గాలికి కర్పూరం మూడుసార్లు ఆరింది. మూడుసార్లూ మళ్ళీ వెలిగించాల్సిందేనన్నాడు, దేవుడు లేడన్న ఆ మహానుభావుడే.)

భాయ్ చేతులు ఆ రోజు పనిచేసినట్టు నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. గంట పట్టే బిగింపు పన్నెండు నిమిషాల్లో ముగించాడు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. మొదటి జెట్టుకు ముల్లు నలభై రెండు దగ్గర నిలబడింది. ఆపి, రెండో జెట్టు వేశాము. సరిగ్గా అప్పుడే వీధి చివర మసీదులో బాంగు వినిపించింది. "భాయ్, జుమ్మా" అన్నాను. నేనెరిగిన పదేళ్ళలో జ్వరంతో ఉన్నా శుక్రవారం నమాజు తప్పని మనిషి. నా మొహం వంక ఒకసారి చూసి, "నీ డబ్బురా ఇది. తిప్పు" అన్నాడు. ముల్లు నలభై ఐదుకు పోయింది. మూడో జెట్టు నా అరచేతిలో పెట్టుకుని ఇంజను ఆపానో లేదో, గుమాస్తా వచ్చి మిషను కట్టేశాడు. పన్నెండున్నర. వెనక పూర్తి రేటు కట్టినవాళ్ళు నిలబడి ఉన్నారు.

చేసేది లేక రెండో జెట్టుతోనే పందెంలో దిగాము. నాలుగో చుట్టులో కారు దగ్గడం మొదలుపెట్టింది. చివరినుంచి రెండోదిగా వచ్చింది. పెద్దాయన అడిగితే అబ్బయ్య, "ఆ సాయిబుకి చాతగాలేదు నాయనా" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. జుమ్మా వదులుకున్న మనిషిని పట్టుకుని అంత మాట అంటే, గది మీద ఆశ ఇంకా చావక నోరు మూసుకున్నాను. ఈ కథ మొత్తంలో నాకు నిజంగా సిగ్గుగా ఉన్నది అదొక్కటే. మరుసటి నెల ఆ గదిలో సోడాలవాడు దిగాడు. భాయ్ మంకుపట్టుగా ఒక మధ్యాహ్నం మూడో జెట్టు వేసి కారును నెల్లూరు రోడ్డెక్కించాడు. అది దూసుకుపోతుంటే ఇద్దరం నవ్వాము, ఏడవలేక.

సొంత షెడ్డు పెట్టేసరికి నాకు నలభై ఆరేళ్ళు వచ్చాయి. అప్పటికి భాయ్ లేడు. షెడ్డు పెట్టిన రెండో ఏడు అబ్బయ్య బట్టతలతో, మనవడితో, ఒక అంబాసిడరుతో వచ్చాడు. నన్ను గుర్తుపట్టి ఎంత సంబరపడ్డాడో! "ఆ రోజు మద్రాసులో ఎంత సరదా చేసినామురా మనం! ఆ సాయిబు చెయ్యి బంగారం గదరా!" అని మనవడికి కథంతా చెప్పాడు. కథలో కారు గెలిచింది. చెప్పి చెప్పి ఆగి, "అవునూ, ఆ మిషనుకి అద్దె ఎవురు కట్టినార్రా? మా నాయనేనా?" అన్నాడు. నిజంగానే ఆయనకు గుర్తులేదు. ఇరవై ఆరేళ్ళుగా ఆ ప్రశ్న కోసమే కాచుకున్న జవాబు నా నోట్లో ఉంది. ఆ పిల్లవాడు కళ్ళు పెద్దవి చేసుకుని తాతను చూస్తున్నాడు.

"అవునయ్యా, పెద్దాయనే కట్టినారు" అన్నాను.

ఆ ఇరవై రెండేళ్ళవాడు పక్కన ఉండి వింటే పానాతో నా నెత్తిన మొట్టేవాడు. మొట్టనీ పాపం. వాడి కష్టార్జితం ఎనభై రూపాయలను నేనే ఎత్తి వాళ్ళ ఖాతాలో పోశాను.