మూఢంలో వచ్చే గుర్రం

మేడమ్ పోయారని శుక్రవారం పొద్దున ఫోన్ వచ్చింది. అప్పుడు నేను మా పాపకు రాగి జావ తాగిస్తున్నాను. క్లబ్బు ప్రెసిడెంటు సారు గొంతు తగ్గించి, "రాత్రి నిద్రలోనే పోయినారంటమ్మా. పొద్దున పాలాయన ఎంత పిలిచినా తలుపు తీయలేదంట" అన్నారు. నేను అయ్యో అన్నాను. నోరు అయ్యో అంటుండగానే మనసు ఇంకో మాట అడిగింది. మరి ఆదివారం గుర్రం?

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. ఇలాంటి వార్త వింటే చేతిలోది జారిపోయిందనీ, కళ్ళు చీకట్లు కమ్మాయనీ రాస్తారు. నాకలాంటిదేమీ కాలేదు. జావ చల్లారకముందే పాపకు మొత్తం తాగించి, మూతి తుడిచి, గిన్నె కడిగి, అప్పుడు ఏడ్చాను. ఆ ఏడుపులో మేడమ్ కోసం ఎంతో, గుర్రం కోసం ఎంతో నాకు ఈరోజుకీ తెలియదు.

ఆమె మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేవారు. కుప్పంలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి, రిటైరయ్యాక మదనపల్లెలో స్థిరపడ్డారు. రిటైరైనా మెడలో విజిల్ మాత్రం తీయలేదు. ఊరికే ఉండలేక మా ఊరి సేవా క్లబ్బులో చేరారు. క్లబ్బులంటే మీకు తెలిసిందే. కంటి శిబిరం, రక్తదానం, ఎండాకాలం చలివేంద్రం, బడికి బెంచీలు. ఇచ్చే వస్తువు కన్నా వెనక కట్టే బ్యానరు పెద్దదిగా ఉంటుంది. నేను టమోటా మండీలో గుమాస్తాను. మా ఓనరు ఆ క్లబ్బులో మెంబరు కాబట్టి ఇవన్నీ దగ్గరనుంచి చూసి లోలోపల నవ్వుకున్నదాన్నే. మీటింగులో ఎవరి ఉపన్యాసమైనా పొడుగైతే మేడమ్ విజిల్ ఊదేవారు. పెద్ద పెద్ద కాంట్రాక్టర్లు కూడా మాట మధ్యలో ఆపేసి కూర్చునేవారు.

మా పాపకు తొమ్మిదేళ్ళు. పుట్టినప్పుడు ఏడవడం ఆలస్యమైంది. నడుము నిలవదు, మెడ నిలవదు, మాట రాదు. చొంగ కారుతుంది. ఉన్నట్టుండి పెద్దగా శబ్దాలు చేస్తుంది. బస్సులోనో పెళ్ళిలోనో అలా అరిచినప్పుడు నేను కొంగుతో మూతి తుడుస్తున్నట్టు తుడుస్తూ చెయ్యి అక్కడే ఆపేసేదాన్ని. చూసినవాళ్ళు, బిడ్డను ఎంత శుభ్రంగా చూసుకుంటుందో అనుకునేవారు. మేడమ్ ఒక్కరే అనుకోలేదు. చలివేంద్రం దగ్గర మొదటిసారి కలిసినప్పుడే, "కొంగు తియ్యమ్మా" అన్నారు. "తుడిచేది వేరే, మూసేది వేరే. యాల మూస్తాండావు?"

నాకు ఒళ్ళు మండింది. ఈమె కన్నదా, పెంచిందా, ఈమెకేం తెలుసు అనుకున్నాను. ఇంటికొచ్చాక కూడా చాలాసేపు మండింది. అది నిజం కాకపోతే అంతసేపు మండేది కాదు.

గుర్రం సంగతి ఆమెకు బెంగళూరులో తట్టింది. చెల్లెలి ఇంటికి పోయినప్పుడు అక్కడ మా పాపలాంటి పిల్లల్ని గుర్రం మీద కూర్చోబెట్టి నడిపించడం చూశారట. గుర్రం అడుగు వేసినప్పుడల్లా పిల్లల నడుము తనంతట తాను సర్దుకోవడం నేర్చుకుంటుందట. తిరిగొచ్చి మీటింగులో చెబితే అందరూ నవ్వారు. "గుర్రాలు యాడుండాయి మేడమ్? పేరులో హార్సు పెట్టుకున్న హార్స్లీ హిల్స్ మీదే కనబడవే" అన్నారు ఒకరు.

గుర్రం పుంగనూరులో దొరికింది. పెళ్ళికొడుకులను ఎక్కించి ఊరేగించే గుర్రం, బాషా అనే ఆయనది. మేడమ్ బస్సులో కుప్పం పోతూ, ఊరి బయట చింతచెట్టుకు కట్టేసి ఉన్న దాన్ని చూసి బస్సాపించి దిగారు. "ఇది పెండ్లికి పోలేదా అప్పా?" అని అడిగితే, "మూఢం కదమ్మా, ముహూర్తాలు యాడుండాయి? తినుకోని నిలబడుకోని ఉండాది" అన్నాడట బాషా. "అట్ల నిలబడేదేదో మా బిడ్డలనెక్కించుకోని నిలబడమను" అన్నారట మేడమ్. అన్నారే గానీ తొందరపడలేదు. ఫిజియోథెరపీ డాక్టరమ్మను పిలిపించి, గుర్రాన్ని చూపించి, ఎక్కడ పట్టుకోవాలో ఎలా దించాలో మాకందరికీ నేర్పించాకే మొదటి బిడ్డను ఎక్కనిచ్చారు.

అలా మాకు గుర్రం పెళ్ళిళ్ళు లేనప్పుడే దొరికేది. మూఢంలో, ఆషాఢంలో. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే అందరూ ముహూర్తాలు వెతికితే నేను మూఢాలు వెతికేదాన్ని. ఎదురింటి అక్క కూతురికి సంబంధం కుదిరాక మూఢం వచ్చి పెళ్ళి ఆగింది. "ఈ పాడు మూఢం ఎప్పుడు పోతాదో" అని ఆమె రోజూ మా గడపలో కూర్చుని నిట్టూర్చేది. "పోతుందిలే అక్కా" అనేదాన్ని, ఆమె తెచ్చిన మురుకులు తింటూ. లోపల మాత్రం, ఇంకొన్నాళ్ళు ఉండనీ స్వామీ అని మొక్కుకునేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక ఈ మాట మేడమ్‌కు చెప్పి తల దించుకున్నాను. ఆమె నవ్వారు. "ఆ బిడ్డకు పెండ్లి కావాల, మన బిడ్డకు నడుము కావాల. రెండూ చూసుకునేది దేవుని పని. నువ్వు పొద్దున్నే పాపకు జావ తాపించుకోని బస్టాండుకు రా" అన్నారు.

ఆదివారం మొదటి బస్సుకు పుంగనూరు పోయేవాళ్ళం. మేడమ్ సంచిలో పిల్లలకు ఉడికించిన శెనక్కాయలు, గుర్రానికి బెల్లం ముక్కలు ఉండేవి. బాషా కళ్లెం పట్టుకునేవాడు. పాప నడుముకు కట్టిన బెల్టును ఒక పక్క మేడమ్, ఇంకో పక్క నేను పట్టుకునేవాళ్ళం. ఎక్కించినంత మాత్రాన గుర్రం కదలకూడదు, అది మేడమ్ పెట్టిన రూలు. పాప చెబితేనే కదలాలి. పాపకు మాట లేదు కాబట్టి, బాషా గుర్రాన్ని అదిలించేటప్పుడు చేసే శబ్దం నేర్పించారు. నాలుకను అంగిలికి అంటించి టక్కుమని తీయడం.

పాప నాలుక పాప మాట వినదు. మేము నిలబడి ఎదురు చూసేవాళ్ళం. ఎండెక్కేది. వెనక వేరే తల్లులు తమ పిల్లల్ని చంకనేసుకుని వంతు కోసం చూస్తుండేవారు. నాకు తలవంపులుగా ఉండి, "పోనీలెండి మేడమ్, నడిపించేద్దాం" అనేదాన్ని. "మనం నడిపిస్తే అది మన షికారు. పాప చెప్పినాక నడిస్తే పాప షికారు" అనేవారు. గుర్రం తోకతో ఈగలు తోలుకుంటూ నిలబడేది. దానికున్న ఓపిక నాకు లేదు.

ఆ మూఢమంతా అయిపోయింది, టక్కు రాలేదు. తరువాత ఆషాఢంలో ఒక ఆదివారం వచ్చింది. తడిగా, చొంగతో కలిసి వచ్చింది. నాకు వినబడనే లేదు. బాషాకు వినబడింది, వెంటనే కదిలించాడు. పాప వెనక్కి ఊగి, ముందుకు తూలి, తనే సర్దుకుని నిటారుగా కూర్చుంది. మేడమ్ విజిల్ నోట్లో పెట్టుకుని, ఊదకుండా, ఆ బయలంతా అలాగే నడిచారు. ఆరోజు నుంచి మా ఇంట్లో టక్ అంటే పద అని అర్థం.

కుప్పం సంగతి కూడా చెప్పాలి. అక్కడి క్లబ్బువాళ్ళు పెద్ద వైద్య శిబిరం పెట్టి, మా గుర్రాన్ని తెచ్చి చూపించమని అడిగారు. గుర్రాన్ని చిన్న లారీలో ఎక్కించి, వెనకే మేము వ్యానులో పోయాం. మేడమ్ పనిచేసిన ఊరు కదా, ఆమెను స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పారు. ఆమె దిగి వచ్చి మా పక్కన నిలబడ్డారు. పాప గుర్రం మీద ఉంది. అంతలో ముఖ్య అతిథి కారు దిగాడు, ఆయనకు స్వాగతంగా పలక డప్పులు మోగాయి.

పెళ్ళి గుర్రమండీ అది. పలకలు వినగానే అడుగులేయడమే దానికి నేర్పిన చదువు. ముందుకాళ్ళు ఎత్తెత్తి వేయడం మొదలుపెట్టింది. జనం ఈలలు వేశారు, ఫోన్లు తీశారు. ఇదే ప్రోగ్రాం అనుకున్నారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. పాప కేకలు పెడుతోంది, బెల్టు నా చేతిలో జారుతోంది. "ఆపండప్పా" అని బాషా అరిచినా ఆ మోతలో ఎవరికీ వినబడలేదు. మేడమ్ ఒక చేత్తో పాప తొడను గుర్రానికి అదిమిపెట్టి, రెండో చేత్తో తన శాలువా లాగి బాషా మీదికి విసిరారు. అతను దాన్ని గుర్రం చెవులకు చుట్టాడు. మేడమ్ విజిల్ ఊదారు. ఆ విజిల్‌కు ఒకప్పుడు కుప్పం ఆడపిల్లలంతా వరసలో నిలబడ్డవాళ్ళే. పలకలు ఆగాయి.

నేను పాపను దించి, కొంగు కప్పి, బ్యానరు వెనక్కి పరుగెత్తాను. బిడ్డ భయపడిందని కాదు. బట్టలు తడుపుకుంది, ఆ తడి నలుగురికీ కనబడకూడదని. అక్కడ నిలబడి ఉండగా మైకులో మేడమ్ గొంతు వినబడింది. "తప్పు నాదే. పలకలోళ్ళకు గుర్రం సంగతి తెలీదు. గుర్రానికి పైన బిడ్డ ఉండేది తెలీదు. రెండూ తెలిసినదాన్ని నేను, ముందే చెప్పల్ల, చెప్పలేదు." తరువాత బ్యానరు వెనక్కి వచ్చారు. నావైపు చూడలేదు. నేలమీద కూర్చుని పాప పాదాలు పట్టుకుని, "తప్పైపోయింది తల్లీ" అన్నారు. ఆ తడి పాదాలనే.

తిరుగు ప్రయాణంలో వ్యానులో పాపను ఒళ్ళో పడుకోబెట్టుకున్నాను. ఇక పాప గుర్రం దగ్గరికి పోదని నేను ఖాయం చేసుకున్నాను. పలమనేరు దాటాక నా ఒళ్ళో పాప టక్ అంది. మేడమ్ ముఖం కిటికీ వైపు తిప్పుకున్నారు. పుంగనూరు వచ్చేదాకా ఇటు తిప్పలేదు.

కుప్పం తర్వాత క్లబ్బులో చాలామందికి గుర్రమంటే భయం పట్టుకుంది. ఎందుకొచ్చిన గొడవ, కుట్టు మిషన్లు పంచుదాం అన్నారు. గుర్రం బాడుగ ఇచ్చేది క్లబ్బే కాబట్టి ప్రతిసారీ మేడమ్ మీటింగుకు పోయి, అడిగి, వాదించి, ఒప్పించి వచ్చేవారు. నన్నూ రమ్మనేవారు. "అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈడ అమ్మవి నువ్వే. నువ్వే అడగకపోతే ఎట్లమ్మా?" నలుగురిలో నాకు నోరు పెగలదని తప్పించుకునేదాన్ని. అడిగి మాట పడేది ఆమె, గుర్రం ఎక్కేది నా బిడ్డ. అదే అలవాటైపోయింది.

ఈ ఏడాది ముహూర్తాలు జోరుగా ఉండి గుర్రం చాలాకాలం దొరకలేదు. ఆషాఢం మొదలైన వారంలోనే మేడమ్ పోయారు. ఆ ఆదివారం మేము పుంగనూరు పోలేదు. సాయంత్రం క్లబ్బు హాల్లో సంతాప సభ పెట్టారు. పాపను చక్రాల కుర్చీలో తీసుకుని పోయి చివరి వరసలో ఉన్నాను. బాషా టోపీ పెట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. వెనక కొత్త బ్యానరు, ముందు మేడమ్ ఫోటో, ఫోటోకు పెద్ద దండ. వచ్చినవాళ్ళందరూ మాట్లాడారు. ఉపన్యాసాలు పొడుగైనా ఊదేవాళ్ళు లేరు. మేడమ్ చేసిన గుర్రపు స్వారీ కార్యక్రమం మరువలేనిది అన్నారు ఒకరి తర్వాత ఒకరు. మరువలేనిది అంటే ఇక అయిపోయిందని అర్థం. లేచి అడగాలనిపించింది. పోయిన మనిషి ఫోటో ముందు నిలబడి గుర్రం అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

రెండు నిమిషాలు మౌనం అన్నారు. అందరూ లేచి తల వంచారు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు పాప టక్ అంది.

నా చెయ్యి దానంతటదే కొంగు మీదికి పోయింది. కొంగు పాప మూతి దాకా తెచ్చాను. చొంగ తుడిచాను. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. పాప మళ్ళీ టక్ టక్ అంది, ఈసారి హాలంతా వినబడేట్టు. ముందు వరసలో తలలు తిరిగాయి. రెండు నిమిషాలు అంత పొడుగుంటాయని నాకు తెలియదు.

మౌనం అయ్యాక ప్రెసిడెంటు సారు మా దగ్గరికి వచ్చారు. "పాపకేం కావాలంటమ్మా, నీళ్ళా?"

"నీళ్ళు కాదు సార్. గుర్రాన్ని పదమంటాంది." నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. ఇక ఆపలేదు. "ఆషాఢం పోయేలోపల మాకు గుర్రం కావాల సార్. మేడమ్ లేకపోయినా కావాల."

సారు కాసేపు ఫోటో వైపు చూసి, తలుపు వైపు తిరిగారు. "బాషా, వచ్చే ఆదివారం గుర్రానికి పనేమన్నా ఉండాదా?"

"ఆషాఢం కద సార్. నిలబడుకోనే ఉండాది" అన్నాడు బాషా.

గుర్రం దొరికింది. పాపకు చెబుదామని వంగాను. పాప బాషా వైపు చూడటం లేదు. మెడ నిలబెట్టి, ముందున్న ఫోటోనే చూస్తోంది. దండ కింద మేడమ్ మెడలోని విజిల్ తాడు కొస కొంచెం కనబడుతోంది. పాప ఆ ఫోటోతోనే టక్ అంటోంది. అని, ఆగి, కదులుతుందేమోనని చూస్తోంది. మేమందరం తన టక్కు కోసం ఎండలో నిలబడి చూసినట్టే చూస్తోంది. కదలకపోయేసరికి మళ్ళీ టక్ అంది.