మామకు నేను చూపించిన బొడ్రాయి

ఖాయమయ్యే పెళ్లిని చెడగొట్టడానికి ఒక రాయి చాలని ఎవరైనా చెప్పి ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదు. పైగా ఆ రాయిని వెతికి పట్టుకున్నది నేనే. తలుచుకుంటే ఇప్పటికీ నెత్తి కొట్టుకోవాలనిపిస్తుంది.

మాది ఉప్పల్ పాత ఊరు. తాతల పొలాలు కాలనీలయ్యాయి, నేను నాచారంలో ఫ్యాక్టరీ సూపర్‌వైజర్‌నయ్యాను. పీర్జాదిగూడ నుంచి సుజాత సంబంధం వచ్చింది. పిల్ల నాకు తెగ నచ్చింది. వాళ్ల నాయనకు మాత్రం ఒకటే పట్టింపు.

"ఊరి మీద పాణమున్నోనికే పిల్లనిస్త. మీ బొడ్రాయి సూపియ్యి, దండం పెట్టుకొని మాట ఖాయం జేస్త."

ఊరు కట్టినప్పుడు నడిమధ్య పాతే రాయి బొడ్రాయి. మా అంగడి, అంటే సంత, దాని చుట్టూ పెరిగిందని చిన్నప్పటి నుంచి వింటున్నాను. వినడమే, చూసిన పాపాన పోలేదు. అమ్మను అడిగితే సరిపోయేది కదా అంటారా? పెళ్లికొడుకు కాబోయేవాడికి పౌరుషం అడ్డొస్తుందండీ!

ఆదివారం తండ్రీకూతుళ్లు అంగడి దగ్గర ఆటో దిగారు. నేను కంగారుగా ఉల్లిగడ్డ బస్తాల సందులో బండి దూర్చి, హెల్మెట్ చేతికందిన చోట పెట్టి, పరుగున వెళ్లి ఉపన్యాసం ఎత్తుకున్నాను.

"మామా, ఎన్కట గీడ ఎడ్లబండ్లు ఆగేటియి. గీ దిక్కు చింతపండు, గా దిక్కు మిరపకాయ. నాచారం దాంక అన్నీ చేన్లే!"

"మంచిగనే ఉంది గని, బొడ్రాయి యాడుంది?"

చేపల గంప పక్కన నున్నటి నల్లరాయి ఒకటి కనిపించింది. "గదే మామా!"

మామ చెప్పులు విడిచాడు. సంచిలోంచి పసుపు తీసి పూశాడు, బొట్టు పెట్టాడు. కొబ్బరికాయ ఎత్తేసరికి కూరగాయలకొచ్చినవాళ్లు కూడా సంచులు కింద పెట్టి దండాలు మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే చాయ్ తాగి వచ్చింది చేపలమ్మే రాజవ్వ.

"ఎవడ్రా నా రాయికి పసుపు పూసింది? ఆయితారం బేరం! కత్తి నీ నెత్తి మీద నూరాల్నా?"

రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరవకూడదంటారు. నేను పెట్టింది చేపల కత్తి కింద. బాగానే వెరిచాను.

"అంటే మామా, పాతకాలంల..."

"నోర్ముయ్!" అని గద్దించాడు మామ.

అంతవరకూ నోరెత్తని సుజాత చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "నాయినా, జర అటు సూడు."

బస్తాల సందులో, నా బండి ఆనించిన చోట, వేపమండలతో, పసుపు కుంకుమలతో అసలు బొడ్రాయి. దాని నెత్తిన నా హెల్మెట్!

మామ మొహం మిరపకాయ బస్తాలా ఎర్రబడింది. "పా బిడ్డా, పోదాం. గిసొంటి అబద్ధాలకోరుకు పిల్లనియ్య."

"నేను గీయన్నే జేసుకుంట నాయినా. అబద్ధమాడి గింత జల్ది దొరికిపోయే మొగడు నాకు మళ్ల యాడ ఉంటడు?"

పెళ్లయింది. నేను ఇప్పటికీ దొరికిపోతూనే ఉన్నాను. కనుక బొడ్రాయి సాక్షిగా, అది అసలుదేనని అమ్మనడిగి మరీ ఖాయం చేసుకుని ప్రమాణం చేస్తున్నాను: తెలియని చరిత్ర చెప్పను, రాజవ్వ రాయి జోలికి పోను, అంగడిలో ఉన్నంతసేపూ హెల్మెట్ నా నెత్తి మీంచి దించను.