రుక్మాబాయి దిగని సైకిలు

రుక్మాబాయికి సైకిలు తొక్కడం వచ్చు. దిగడం రాదు. ఈ సంగతి మా పదకొండు మందిలో ఒక్కరికైనా ముందే తెలిసి ఉంటే ఆ ఆదివారం నా తొడలకు అంత గతి పట్టేది కాదు, నేను ఈ కథ చెప్పేవాణ్ణీ కాదు.

నా పేరు ధనుంజయ్. నిజామాబాద్‌లో మందుల షాపు నాది. పొట్ట పెరిగిందని మా ఆవిడ నన్ను సైకిల్ క్లబ్బులో చేర్పించింది. మా క్లబ్బు సంగతి దాచడమెందుకు? రెండు కిలోమీటర్లు తొక్కి చాయ్ తాగుతాం, ఇంకో రెండు తొక్కి ఫోటోలు తీసుకుంటాం, ఆ ఫోటోలు చూసి చుట్టాలు మేం ఏదో సాధించామనుకుంటారు. సెక్రటరీ శైలజ మాత్రం మా బాపతు కాదు. హైస్కూల్లో లెక్కల టీచరు, ఆదివారాన్ని కూడా పీరియడ్లుగా విడగొట్టే మనిషి. బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి ఒకప్పుడు చెరకు మోసిన చిన్న రైలు కట్ట మీద ప్రతి ఆదివారం సైకిళ్లు నడపాలన్న ఆలోచన ఆమెదే.

ఆలోచన బాగానే ఉంది, కట్టే కనబడదు. పట్టాలు ఎప్పుడో పీకేశారు. కట్ట కొన్నిచోట్ల బండ్లబాటయింది, కొన్నిచోట్ల పొలం గట్టయింది, కొన్నిచోట్ల తుమ్మచెట్లలోకి దూరి మాయమైంది. ఫోన్‌లో మ్యాపును నమ్ముకుని పోయిన మొదటిసారి ఒక రైతు పసుపు చేను నడిమధ్యలో తేలాం. ఆయన మమ్మల్ని పలకరించిన తీరు ఇక్కడ రాయలేను. ఆ తిట్ల చివర్లో ఆయనే చెప్పాడు, మోస్రా అవతల రుక్మాబాయి అని ఒకామె ఉంది, పోయి ఆమెనడిగి తగలడండని.

ఆమెకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది? ఆమె తండ్రి ఆ రైలుకు పట్టాలు మార్చే మనిషి. ఆయనకు సద్ది మోస్తూ ఏడో ఏట కట్ట ఎక్కింది. పెద్దయ్యాక అదే కట్ట మీద చెరకు కొట్టే పనికి పోయింది. రైలు ఆగిపోయాక అదే కట్ట మీద నెత్తిన గంప పెట్టుకుని బోధన్ అంగడికి పోయింది. అంతా నడకే. ఇప్పుడు అరవై రెండేళ్లు. నాలుగున్నర అడుగుల మనిషి, గోచి పెట్టి కట్టిన చీర, అరిస్తే అవతలి ఊళ్లో వినబడే గొంతు.

"దారి చూపెటోళ్లు సైకిల్ మీద మా ముందట పోవాలె" అని, వాళ్లింటికి పోయి ఆదివారానికి ఇంతని కూలి మాట్లాడుతూ శైలజ షరతు పెట్టింది. రుక్మాబాయి తమ్ముడు ఆత్మారాం చటుక్కున అందుకున్నాడు.

"అక్కకు సైకిలెక్కడొస్తది మేడం? నేను మోటర్ సైకిల్ మీద ముందట పోత, మీరు నా ఎనుక రాండ్రి."

"నాకొస్తది" అంది రుక్మాబాయి. రాదు. జన్మలో ఎక్కలేదు.

"అయితే వచ్చే నెల మొదటి ఆదివారం చూద్దాం" అంది శైలజ. "మంచిగ జరిగితే ఆదివారాలన్నీ మీయే అవ్వా. లేకుంటే ఆత్మారాం వస్తడు."

ఆ సాయంత్రమే కోడలు పుష్పలత దగ్గర పాఠాలు మొదలు. ఇంట్లో ఉన్నది నడుమ దండీ ఉన్న పెద్ద మగ సైకిలొక్కటే. వడ్లారబోసే కల్లంలో ఇరవై ఆరు రోజులు నేర్చుకుంది. అరుగు మీంచి ఎక్కేది, గిరగిరా తొక్కేది, ఆగాలంటే పోయి గడ్డివామును గుద్దేది. సీటు మీద కూర్చుంటే కాలు నేలకు అందదు మరి. దిగడం నేర్పబోతే మూడుసార్లు పడింది. "దిగుడు ఎనుక సూద్దం తియ్" అని వాయిదా వేసింది. వాయిదా తీరకముందే ఆదివారం వచ్చేసింది.

మేం పొద్దున ఆరింటికి చేరేసరికి ఆమె అప్పటికే సైకిలెక్కి, గోడ పట్టుకుని ఉంది. "గిప్పుడా వచ్చుడు? నడువుండ్రి!" అని గోడ వదిలేసింది. ఏం క్రమశిక్షణ అనుకున్నాం. నీళ్లసీసా మూత తీసినవాడు మూత పెట్టకుండానే బయల్దేరాడు.

ఆ కట్ట మీద పోవడం ఎంత సుఖమో చెప్పి తీరాలి. చెరకు నిండిన రైలు డబ్బాల కోసం వేసిన దారి కదా, ఎక్కుళ్లు లేవు. ఫ్యాక్టరీ వైపుకు సన్నని వాలు. రెండు పక్కలా వరి, అక్కడక్కడా మిగిలిన చెరకు తోటలు, సైకిలు దానంతటదే పోతుంది. ముందు రుక్మాబాయి, "కుడికి! బురద! బర్రె!" అని కేకలు. నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నానో తెలియదు. పక్కాయనా నవ్వుతున్నాడు, ఆయనకూ తెలియదు. నలభై ఎనిమిదేళ్లొచ్చి అంత సంతోషం ఎప్పుడు పడ్డానో గుర్తు లేదు.

నాలుగో కిలోమీటరు దగ్గర మా చాయ్. శైలజ ముందే ఫోన్ చేసి మిర్చి బజ్జీలు వేయించి పెట్టింది. వాసన వచ్చింది. పళ్లెం కూడా కనబడింది. రుక్మాబాయి ఆగలేదు. "గీడ చాయ్ మంచిగుండది!" అని హోటలాయన మొహం మీదే అరుస్తూ పోయింది. ఆయన జల్లిగరిటె పట్టుకుని కొంతదూరం మా వెనకాల ఉరికి, తన చాయ్ ఎంత మంచిదో చెప్పుకోవాల్సి వచ్చింది.

ఎనిమిదో కిలోమీటరు దగ్గర పాత రైలు చక్రాలు తుప్పుపట్టి పడి ఉన్నాయి. అందరం ఫోన్లు తీశాం. "ఎండ ఎదురుగొడ్తది, నల్లగ పడ్తరు!" అంటూ సాగిపోయింది. శైలజ గంట మీద గంట కొట్టింది.

"అవ్వా, అయిదు నిమిషాలు!"

"గిప్పుడే కాళ్లు తేలికైనయ్ బిడ్డా!"

ఈమె ఉక్కుమనిషి అనుకున్నాం. నిజానికి ఎక్కడైనా గడ్డివాము కనబడుతుందా అని దారంతా వెతుకుతూనే ఉందట.

పన్నెండో కిలోమీటరు దగ్గర పిల్లకాలువ వచ్చింది. రైలు వంతెన ఇనుము ఎప్పుడో పోయింది, రైతులు పాత కరెంటు స్తంభాలు రెండు పక్కపక్కన పరిచారు. వెడల్పు మూరెడు. కింద నడుములోతు నీళ్లు. "అందరూ దిగి నడవాలె!" అని శైలజ కేక వేసింది. పదకొండు మందిమీ దిగాం. రుక్మాబాయి ఎలా దిగుతుంది? కొంగు నోట కరిచి, స్తంభాల మీదికి పోనిచ్చింది. నా గుండె ఆగింది. మందుల షాపువాణ్ణి, ఊరికే అనడం లేదు. ముందు చక్రం ఒకసారి ఊగింది, తర్వాత చూస్తే ఆమె అవతలి గట్టు మీద ఉంది, తొక్కుతూనే ఉంది. మేం సైకిళ్లు భుజాన వేసుకుని దాటేసరికి మిరపగింజంత అయిపోయింది. ఆమెను అందుకోవడానికి మేం పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు.

బోధన్‌లో కట్ట ముగిసే చోట ఖాళీ జాగా, చాయ్ డబ్బా, దాని వెనక పొడవాటి గోడ. ఆ గోడ పట్టుకుని ఆగుదామని ఆమె లెక్క. కానీ గోడ పొడుగునా మోటర్ సైకిళ్లు నిలబెట్టి ఉన్నాయి. ఒకదాని మీద ఆత్మారామే కూర్చుని ఉన్నాడు, అక్క ఎలా వస్తుందో చూద్దామని.

రుక్మాబాయి జాగా చుట్టూ తిరిగింది. మళ్లీ తిరిగింది. చాయ్ తాగేవాళ్ల తలలు ఆమెతో పాటే తిరిగాయి. శైలజ రొప్పుతూ వచ్చి దిగింది.

"దిగుండ్రవ్వా, చాయ్ తాగుకుంట మాట్లాడుదం."

"ముందుగాల నువ్వు చెప్పు బిడ్డా. ఆదివారాలు నాయేనా?"

ఇంకో చుట్టు. "మేడం, ఓపారి ఆలోచించుండ్రి" అన్నాడు ఆత్మారాం. శైలజ ఆలోచించే స్థితిలో లేదు, ఆమెకు కళ్లు తిరుగుతున్నాయి. "మీయే అవ్వా! ఏడాదంత మీయే!"

"అందరు ఇన్నరా?"

"ఇన్నం!" అన్నాం ముక్తకంఠంతో.

"గైతే పట్టుకోండ్రి! నాకు దిగుడు రాదు!"

నేను వెనక క్యారియర్ పట్టుకున్నాను, ఎవరో హ్యాండిల్ పట్టుకున్నారు, శైలజ రెండు చేతులతో ఎత్తి దింపింది. చాయ్ డబ్బాయన నవ్వలేక కింద కూర్చున్నాడు. నవ్వనిది ఆత్మారాం ఒక్కడే.

"సూసిండ్రా మేడం? ఆగుడే రానామె మిమ్ముల ఎట్ల తీస్కపోతది? అబద్ధమాడింది మీతోని."

మా నవ్వులు ఆగిపోయాయి. అతను అన్నది నిజమే. శైలజ క్లాసులో కాపీ కొట్టినవాణ్ణి చూసినట్టు చూసింది.

"ముందే ఎందుకు చెప్పలేదవ్వా?"

రుక్మాబాయి సీటు పట్టుకుని నిలబడింది. "చెప్తె ఏమందురు? నడుసుకుంట రమ్మందురు. గీ కట్ట మీద యాభై ఐదేండ్లు నడిసిన బిడ్డా. ఒక్కపారన్న గాలి మొకానికి కొట్టంగ పోవాలనుకున్న."

శైలజ ఆత్మారాం వైపు చూడలేదు కూడా. నా వైపు తిరిగింది.

"ధనుంజయ్ గారూ, వచ్చే ఆదివారం అవ్వకంటె ఒక నిమిషం ముందు మీరు ఈడికి చేరాలె. పట్టుకునుడు మీ పని."

ఇప్పటికి పద్నాలుగు ఆదివారాలైంది. ఆమెను దాటడానికి చివరి రెండు కిలోమీటర్లు ప్రాణం పెట్టి తొక్కుతున్నాను. దిగడం నేర్పుతానంటే మాత్రం ఆమె ఒప్పుకోవడం లేదు.