నాలుగో పోగు

నా చిన్నప్పుడు బారువ ఒడ్డుకు పడవ రాగానే చేపలను ఇసుక మీద పోగులు పెట్టి పంచుకునేవారు. ఒకడు పోగులకు వీపు పెట్టి సముద్రం వైపు తిరిగి నిలబడాలి. ఇంకొకడు ఒక పోగు మీద చెయ్యి వేసి "ఇదెవరిది?" అని అడుగుతాడు. తిరిగి నిలబడ్డవాడు ఒక పేరు చెబుతాడు. ఏ పోగో వాడికి కనబడదు కాబట్టి పెద్ద చేప ఎవరికి పడ్డా పేచీ ఉండేది కాదు. మనుషులకే కాదు, పడవకొక పోగు, వలకొక పోగు కూడా ఉండేవి. అవి వాటి సొంతదారుల ఇంటికి వెళ్ళేవి. పడవకు వాటా ఎందుకని మా ఊళ్ళో ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

మా తాతయ్యది చేపల వేటే. కానీ సముద్రం పొంగి పడవలు ఒడ్డెక్కిన రోజుల్లో జముకుల కథ చెప్పేవాడు. తాతయ్య కథ చెబుతుంటే ఆయన అల్లుడు, అంటే మా మావయ్య, వంత పాడేవాడు. ఎదురింటాయన జముకును చంకలో ఇరికించుకుని తీగ మీటేవాడు. సోంపేట చుట్టుపక్కల కొబ్బరి తోటల ఊళ్ళలో కథ చెప్పి, రైతులు ఇచ్చిన బియ్యం, కొబ్బరికాయలు, జీడిపిక్కలు మూటగట్టుకుని వచ్చేవారు. వేట లేనప్పుడు ఆ మూటే మాకు దిక్కు.

ఆ కథల మధ్య పాడే పాటలు కట్టింది మాత్రం మా పక్కింటి అక్క. ఎండబెట్టిన చేపల దగ్గర కూర్చుని, కాకులను తోలుతూ కట్టేది. ఆడది పదిమందిలో నిలబడి పాడటం అప్పట్లో మా వాళ్ళకు గిట్టేది కాదు. పాట ఆమెది, పేరు వీళ్ళది. ఒక ఏడు అక్క బాలింత. చేపల గంప ఎత్తుకుని సోంపేట సంతకు వెళ్ళే ఓపిక లేదు, మొగుడికి వేట లేదు. ఇంట్లో బియ్యం నిండుకున్నాయని మాకందరికీ తెలుసు. మా అమ్మ నాచేత గంజి పంపితే "ఇప్పుడే తిన్నామమ్మా" అని నవ్వి తిప్పి పంపేసేది. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చేది.

ఆ రోజుల్లోనే ఒకసారి కథ చెప్పి వచ్చిన మర్నాటి పొద్దున తాతయ్య మూట విప్పి అరుగు మీద పోగులు పెట్టాడు. మావయ్య చూసి మొహం చిట్లించాడు. మావయ్య చెడ్డవాడు కాదు, ఇంటినిండా పిల్లలున్నవాడు.

"ముగ్గురం కదా మావా, నాలుగు పోగులేటి?"

"ముందు అటు తిరుగు అల్లుడా."

మావయ్య గొణుక్కుంటూ సముద్రం వైపు తిరిగాడు. తాతయ్య ఒక్కో పోగు మీద చెయ్యి వేసి అడిగాడు. ఒకటి తాతయ్యది, ఒకటి జముకు వాయించినాయనది, ఒకటి తనది అని మావయ్య చెప్పాడు. తాతయ్య నాలుగో పోగు మీద చెయ్యి వేశాడు.

"ఇదెవరిది?"

"ఇంకెవులున్నారు మావా? పాట కట్టిన పిల్లకా? అదో పనేటి? కాకుల్ని తోల్తా నోటికొచ్చింది అంటాది. గొంతు సింపుకున్నది మనం కాదా?"

తాతయ్యకు కోపం రాలేదు. "పడవ వల లాగదు కదా, మరి దానికెందుకు వాటా ఏత్తన్నాం?" అని అడిగాడు.

"పడవ నేకపోతే ఎలా ఎల్తాం?"

"మరి నిన్న ఏ పాటెక్కి ఎల్లినావు?"

ముందురోజు కథ చెప్పిన ఊళ్ళో ఆడవాళ్ళు ఒక్క పాటనే మళ్ళీ మళ్ళీ పాడించుకున్నారట. "ఉప్పుగాలీ ఉప్పుగాలీ, ఏ ఒడ్డున దించినావే నావోడి పడవ" అనే పాట. అది విని కళ్ళు తుడుచుకుంటూ చేటలతో బియ్యం తెచ్చి పోశారట. వెనక నుంచి మావయ్య మెడ వంగడం చూశాను. సముద్రం వైపు చూస్తూనే, "ఆ పిల్లదే" అన్నాడు.

ఆ పోగును తన తువ్వాలులో కట్టి మోసుకెళ్ళింది కూడా మావయ్యే. వెనకాలే నేనూ వెళ్ళాను. అక్క గుమ్మంలోనే అడ్డు నిలబడి, "మాకు దానమొద్దన్నా" అంది.

"దానమేటి? పడవ వాటా. ఒద్దంటే రేపట్నించి నీ పాట పాడం, సూసుకో."

అక్క మూట అందుకుంది. బియ్యం వంక చూడలేదు. "జనం ఏడిసినారా అన్నా?" అని అడిగింది. తన పాటను పదిమంది ఎలా వింటారో ఆమె ఏనాడూ చూడలేదు పాపం. మావయ్య అన్నీ చెప్పాడు, కొంచెం కలిపి కూడా చెప్పాడు. ఆ మధ్యాహ్నం పక్కింట్లో గంజి వాసన వస్తుంటే నాకే కడుపు నిండింది. అప్పటినుంచి మావయ్య అక్కను "మా పడవ" అని ఏడిపించేవాడు గానీ, పంపకంలో ఆ పోగు పెట్టడం ఏనాడూ మరిచిపోలేదు.

మొన్న మా మనవడు స్నేహితులతో కలిసి ఆ ఉప్పుగాలి పాటనే కొత్త వాయిద్యాలతో పాడి ఫోన్లలో పెట్టాడు. చాలామంది విన్నారట, డబ్బు కూడా వచ్చిందట. "ముగ్గురం సమానంగా పంచేసుకున్నాం అమ్మమ్మా" అని సంబరంగా చెప్పాడు.

"పాటెవరిదిరా?"

"పాతది కదా అమ్మమ్మా, ఎవరిదీ కాదు."

ఒళ్ళు మండింది నాకు. గోడ వైపు తిరిగి నిలబడరా అన్నాను. వాడు నవ్వుతూనే తిరిగాడు. నేను ఈ కథంతా వాడి వీపుకే చెప్పాను. ఇటు తిరిగేసరికి వాడి మొహంలో నవ్వు లేదు.

అక్క ఇప్పుడు లేదు. ఆనాటి ఆమె చంటిపిల్ల పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్తోంది. మావాడు పాట కింద అక్క పేరు వేసి, వాటా పట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళాడు. ఆమె డబ్బు పక్కన పెట్టి, ఫోన్లో తల్లి పేరునే తడుముతూ కూర్చుందట.

ఇప్పటికీ ఎక్కడైనా మంచి పాట వినబడితే అందరూ పాడుతున్నవాళ్ళను చూస్తారు. నేను మాత్రం కళ్ళు మూసుకుని, ఆనాటి మావయ్యలా అటు తిరిగి, తాతయ్యలా ఇదెవరిది అని అడుగుతాను.