ఫోన్ పక్కన తాతయ్య

నా చిన్నప్పుడు, ఖిదిర్‌పూర్ ఓడరేవు కూలీల ఇళ్ళ వరసల్లో పొద్దు పొడిచేవేళకు మా తాతయ్య కర్ర చప్పుడు వినిపించేది. సిక్కోలు నుంచి వచ్చిన మనవాళ్ళవే ఆ ఇళ్ళన్నీ. తాతయ్య రేవు గేటు దాకా నడిచి వెళ్ళి, ఏ ఓడ వచ్చిందో, ఎంతమంది కావాలో కూలీలను పెట్టుకునే సర్దారును అడిగి వచ్చి, ఎవరి వంతైతే వాళ్ళ తలుపు తట్టేవాడు. నిన్న పనికెళ్ళినవాడు ఇవాళ ఆగాలి, అదీ మా కట్టుబాటు. ఎవరికి జ్వరమో, ఎవరింట్లో పురుడో ఆయనకు తెలుసు. ఆ పిలుపు పనికి సర్దారు ఇచ్చే కూలితోనే మా ఇల్లు గడిచేది.

వీధి మొదట్లో టీకొట్టు నడిపే బెంగాలీ ఆయన్ని అందరం దాదా, అంటే అన్న, అనేవాళ్ళం. నాకు తొమ్మిదో ఏట ఆయన దగ్గర టెలిఫోన్ పెట్టారు. ఇక సర్దారు ఫోన్ చేస్తాడు, దాదా కేకేస్తాడు, తాతయ్యతో పనిలేదన్నారు. గంట మోగగానే కొట్టు చుట్టూ మూగిన కుర్రకారు గేటుకు పరుగు తీసేవారు. వెనక వరసలో ఉండే కుంటి మావయ్యకు మూడు రోజులు పనే దొరకలేదు. తాతయ్య అరుగు మీద ఊరికే కూర్చుని ఉంటే నాకు ఆ ఫోన్ మీద ఒళ్ళు మండిపోయింది.

మధ్యాహ్నం కునుకు తీసేముందు దాదా రిసీవరు తీసి పక్కన పెట్టడం చూశాను. అలా పెడితే అది మోగదు. మర్నాడు పొద్దున్నే దాదా పొయ్యి రాజేసుకుంటుంటే నేనూ అదే పని చేసి, పైన గుడ్డ కప్పి వచ్చాను. ఘనకార్యం చేశాననుకున్నాను. ఎంతకీ ఫోన్ కలవక సర్దారు పక్కనున్న ఏక్‌బాల్‌పూర్ కూలీలను పిలిపించుకున్నాడు. ఆ రోజు మా వాళ్ళలో ఒక్కరికీ పని లేదు. చాలా ఇళ్ళలో పొయ్యిలో పిల్లి లేవలేదు.

సాయంత్రం ఏడుస్తూ తాతయ్యతో చెప్పేశాను. కొడతాడనుకున్నాను, కొట్టలేదు.

"ఒలే గుంటా, దాని నోరు మూసీసి ఏటి బాగు సేసినావే? దాని పక్కన నాను కూకోవాల గానీ!" అన్నాడు.

నా చెయ్యి పట్టుకుని ఇంటింటికీ తిప్పి తప్పు చెప్పించాడు. కుంటి మావయ్య గుమ్మం దగ్గర తలొంచుకునే చెప్పాను. ఎంత సిగ్గుపడ్డానో నాకే తెలుసు.

మర్నాడు తాతయ్య కర్రతో సహా వెళ్ళి ఫోన్ పక్కన బల్ల మీద కూర్చున్నాడు. మోగగానే దాదా కంటే ముందు ఆయనే ఎత్తి, "పన్నెండు మందే గదా బాబూ? నానంపుతాను. గేటుకాడ ఎవులూ తోసుకోరు" అన్నాడు. గేటు దాకా నడక తప్పింది కనుక నేరుగా వెనక వరసకే వెళ్ళి, మొదట కుంటి మావయ్య తలుపు తట్టాడు. కుర్రాళ్ళు గొణిగారు, కానీ వంతును కాదనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. గేటు దగ్గర తోపులాట పోయిందని వారం తిరక్కుండానే సర్దారు ఆయన కూలి మళ్ళీ ఇచ్చాడు. ఫోనూ ఉంది, తాతయ్యా ఉన్నాడు.

ఇప్పుడు మా వీధి కబుర్లన్నీ సెల్‌ఫోన్‌లోనే వస్తాయి. మంచిదే, నేనూ చూస్తాను. నీళ్ళ ట్యాంకరు వస్తోందని కబురు రాగానే మాత్రం బిందె కంటే ముందు తాతయ్య కర్ర అందుకుంటాను. చివరింటి ముసలమ్మకు ఫోన్ లేదు. ఆ తలుపు తట్టాకే నా బిందె వరసలో పెడతాను.