మందులో వేసిన కొసరు

గోదావరి వాళ్లం మర్యాదలతో చంపేస్తామని బయటివాళ్లు వేళాకోళం చేస్తుంటారు. ఆ మాట వింటే ఒకప్పుడు మీసం మెలేసేవాణ్ణి. ఇప్పుడు లేచి అవతలికి వెళ్లిపోతాను.

రామచంద్రపురం దగ్గర పెళ్లి ఊరేగింపులకని నేనొక తెల్ల గుర్రాన్ని పెంచాను. ఆడగుర్రం. మా ఆవిడ దాన్ని అమ్మడూ అని పిలిచేది. పొద్దున్నే ఆవిడ గిన్నె చప్పుడు వినగానే అది ముందుకాలితో కొట్టం తలుపు తట్టేది. ఆ చప్పుడు కోసం ఇప్పటికీ ఆ వేళకే నాకు మెలకువ వచ్చేస్తుంది. ఇదేం పిచ్చిరా అని నన్ను నేనే తిట్టుకుంటాను.

ఒక పెళ్లిలో ఎదురుకోలు అయి పెళ్లికొడుకుని దింపాక, ఆడపెళ్లివారు గుర్రానికి కూడా మర్యాద చేశారు. పళ్లెం నిండా నానబెట్టిన బియ్యం, బెల్లం. ఒకావిడ పెట్టాక ఇంకొకావిడ. వద్దంటే చిన్నబుచ్చుకుంటారని నేను నోరు మూసుకున్నాను. రెండో రోజుకి ముందుగిట్టలు వేడెక్కిపోయాయి. బరువంతా వెనక్కి వేసి, ముందుకాళ్లు చాపి నిలబడింది. అడుగు వెయ్యదు.

పశువుల డాక్టరు గారు వచ్చి, అంత బియ్యం, బెల్లం ఒక్కసారే తినడం వల్ల గిట్టల లోపల వాచిందని చెప్పి, టేపుతో దాని ఛాతీ చుట్టూ కొలిచి, బరువు లెక్కగట్టి, నొప్పికీ వాపుకీ పొడిమందు ఇచ్చారు.

“డబ్బాలో ఉన్న చెంచాతోనే కొలవండి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, ఏదైనా తిన్నాకే. నీళ్లు ఎప్పుడూ దగ్గరుండాలి. వేరే నొప్పిమందు కలపకండి. మేత మానేసినా, లద్దె నల్లగా పడినా మందు ఆపేసి నాకు ఫోన్ చెయ్యండి. నొప్పి తగ్గింది కదా అని నడిపించకండేం, గిట్ట లోపల ఇంకా మానదు.”

అన్నిటికీ అలాగేనండి అన్నాం. కొట్టంలో ఇసుక పోశాం, గిట్టలకు చన్నీళ్లు పట్టాం. రెండు రోజులకు అమ్మడు కాస్త తేరుకుని ముఖం నా భుజాన ఆనించింది. మూడో రోజు మధ్యాహ్నం మళ్లీ వణుకుతుంటే మా ఆవిడ చూడలేకపోయింది.

“పాపం, ఇంకొక్క చెంచా వెయ్యండి. తగ్గించే మందేగా, దానిక్కూడా లోభమేంటండీ?”

మా ఇంట్లో విస్తరి ముందు చాలు అనే మాటకు విలువ లేదు. అరచెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి వడ్డించే చెయ్యి ఆవిడది. నాకూ ఆ చెయ్యే అలవాటు. వేశాను. సాయంత్రం చెంచా మీద గోపురంలా పోశాను. అలా ఇంకో మూడు రోజులు.

తర్వాత అది గడ్డి వాసన చూసి తల తిప్పేసుకుంది. పెదవి ఎత్తితే లోపల పుళ్లు. లద్దె నల్లగా, పల్చగా పడింది. డాక్టరు గారు వచ్చి, రోజుకెన్ని చెంచాలు వేశారండీ అని అడిగారు. మీరు చెప్పినట్టేనండి అన్నాను. మా ఆవిడే ఏడుస్తూ నిజం చెప్పేసింది.

“మందుకి మొహమాటం ఉండదండి,” అన్నారాయన. “ఎక్కువైతే కడుపునీ కిడ్నీలనీ తినేస్తుంది. ఇక ఈ మందే కాదు, ఏ నొప్పిమందూ వెయ్యడానికి లేదు.”

కొసరు వేసినందుకు అసలు కూడా పోయింది. పుళ్లకు మందిచ్చారు గానీ, గిట్టల నొప్పిని అమ్మడు మందు లేకుండానే భరించాల్సి వచ్చింది. నాలుగు రోజులు నా వైపే చూస్తూ నిలబడింది. ఐదో రోజు పొద్దున పడుకుంది. మా ఆవిడ దాని తల ఒళ్లో పెట్టుకుంటే, నేను గిట్టలు పట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నానికి పోయింది.

ఆ తర్వాత మా ఆవిడ చెయ్యి మారిపోయింది. చాలు అంటే గరిటె అక్కడే ఆగిపోతుంది. ఈ మధ్య నేను సగం ఆకలి ఉండగానే చాలు అంటున్నాను, ఒక్కసారైనా ఇంకొంచెం వెయ్యనా అంటుందేమోనని. అనదు. గిన్నె మీద మూత పెట్టేస్తుంది.