మొద్దు కొడవలి

పోలీసు చర్య తర్వాత మా ఊరి పక్కన మిలటరీ క్యాంపు పడింది. గొడ్డలి లాంటి పదునైన పనిముట్టుతో అడవిలో కనబడినవాణ్ని కమ్యూనిస్టు దళం మనిషని పట్టుకుపోయేవారు. ఎడ్లకు గడ్డి తేక తప్పదు. గొడ్డలి, పదునైన కొడవలి ఇంట్లోనే దాచి, మొద్దుబారిన పాత కొడవలి తీసుకున్నాను.

"గది గడ్డి కోస్తదా బిడ్డా?" అన్నాడు బాపు.

"కోయకున్నా మంచిదే, జైలుకు తోలది" అన్నాను.

అడవి అంచున జవాను ఆపి, కొడవలి మీద బొటనవేలు రాసి చూశాడు. "దీంతో గడ్డి కోస్తావా? నిజం చెప్పు, లోపల ఎవరిని కలవడానికి పోతున్నావ్?" అని ఉర్దూలో గద్దించాడు.

పదునుది తెస్తే పట్టుకుపోతారన్న భయానికి ఇది తెచ్చానని చెప్పాను. కొడవలి నా చేతికి తిరిగిచ్చి, "రేపు పదునుది పట్టుకురా" అని వదిలేశాడు.

ఆ మాట నమ్మలేకపోయాను. మర్నాడు కొట్టం కప్పు మీది గడ్డి పీకి ఎడ్లకు వేశాను.